నల్లమలలో వాగు ఒడ్డున

శుక్రవారం

కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా దోర్నాల పోయే రోడ్డును రాత్రి 9 గంటలకు మూసేస్తారు. మళ్లీ పొద్దున 6కే గేటు ఎత్తేది. శ్రీశైలం భక్తులకు, సరుకు తోలే లారీలవాళ్లకు ఇదో పెద్ద తలనొప్పి. ఆలస్యంగా వచ్చి చెక్‌పోస్టు దగ్గర బతిమాలుకునేవాళ్లు, ఎవరెవరితోనో ఫోన్లు చేయించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. గేటు మాత్రం లేవదు. జంతువులు రోడ్డు దాటే వేళ అది. ఆ గేటుకు అవతల ఒకసారి పడుకుని చూడాలని మా ఇంట్లో చాలా రోజులుగా అనుకుంటున్నాం.

కార్తీకం వెళ్లిపోయేదాకా ఆగాం. ఆ నెలలో బస్సులూ కార్లూ తోకకు తోక కట్టుకుని పోతుంటాయి, అడవి చూసే వీలే ఉండదు. వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా టైగర్ రిజర్వ్‌లోకి సందర్శకులను రానివ్వరు. ఎండాకాలం వస్తే వాగులు ఇంకిపోతాయి. అన్నీ కలిసొచ్చేది కార్తీకం వెళ్లాక, సంక్రాంతి లోపల. నేను, మా ఆవిడ, ఆరో తరగతి చదివే మావాడు, హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన మా బామ్మర్ది. కారు కర్నూలు దాటేసరికి ఏడున్నర.

నందికొట్కూరులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. దాని గురించి ఎక్కువ రాయను, తిన్నవాళ్లకు తెలుసు.

అక్కడి నుంచి ఆత్మకూరు దాకా చదును నేల, నల్లరేగడి. శనగ, మిరప, మొక్కజొన్న. జూపాడుబంగ్లా, పాములపాడు అని బోర్డులు కనపడేసరికి బామ్మర్ది ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నాడు. పోతిరెడ్డిపాడు, బానకచర్ల అని రోజూ టీవీలో గొడవపడే పేర్లన్నీ ఈ చుట్టుపక్కలవే. పోతిరెడ్డిపాడు దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి తీసుకున్న కృష్ణ నీళ్లు బానకచర్ల దగ్గర మూడు దారులుగా చీలుతాయి. అందులో ఒక పాయ తెలుగుగంగ పేరుతో చెన్నై దాకా పోతుంది. "ఇంతోటి కాలువకా అంత లొల్లి?" అన్నాడు వాడు. ఆగస్టులో వచ్చి చూడమన్నాను.

ఆత్మకూరు దాటగానే ఎదురుగా కొండలు మొదలవుతాయి. చెక్‌పోస్టు దగ్గర బండి నంబరు రాసుకుని, డిక్కీ తెరిపించి, ప్లాస్టిక్ కవర్లేమన్నా ఉన్నాయా అని అడిగారు. మా ఆవిడ ముందే అన్నీ గుడ్డసంచుల్లో సర్దింది కాబట్టి త్వరగానే బయటపడ్డాం.

మేం దిగిన క్యాంపు కచ్చితంగా ఎక్కడుందో ఇక్కడ రాయను. అటవీ శాఖ అనుమతితో చెంచు కుర్రాళ్లు చూసుకునే చిన్న చోటు అది. కొన్ని టెంట్లు, ఒక వంటపాక, సోలార్ దీపాలు, దాటితే వాగు. గండికోట పేరు అందరి నోటా పడ్డాక ఆ లోయ అంచున శనివారం రాత్రుళ్లు ఏం జరుగుతోందో చూసినవాణ్ణి. టెంటు పక్కన టెంటు, స్పీకరు పక్కన స్పీకరు. ఈ చోటుకు ఆ గతి పట్టకూడదని నా కోరిక. వెళ్లాలని ఉన్నవాళ్లకు బైర్లూటిలోనూ, నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల దగ్గరా అటవీ శాఖ జంగిల్ క్యాంపులు ఉన్నాయి. ముందే బుక్ చేసుకోవచ్చు, అవీ బాగుంటాయి.

క్యాంపు చూసుకునే కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. మాకు మంచినీళ్లు ఇచ్చి, కూర్చోబెట్టి రూల్స్ చెప్పాడు. తినేవి టెంట్‌లో పెట్టుకోకూడదు, ఎలుగొడ్డు వాసన పట్టి వస్తుంది. చీకటి పడ్డాక వాగు దగ్గరికి పోకూడదు. రాత్రి బాత్రూముకు లేవాలంటే టార్చి వేసి, ముందు నలుదిక్కులా తిప్పి చూసుకుని, అప్పుడు కాలు బయట పెట్టాలి. మంట వంటపాక ముందున్న ఇసుక గుంతలోనే వేయాలి, ఎండుటాకుల మీద నిప్పురవ్వ పడితే కొండ మొత్తం అంటుకుంటుంది. "పాటలు పెట్టుకోవచ్చా?" అని బామ్మర్ది అడిగాడు. "పెట్టుకోండి సార్, మీ చెవిలో" అన్నాడు.

భోజనం చేసి వాగు దగ్గరికి నడిచాం. పది పన్నెండు అడుగుల వెడల్పు, మోకాలు దాటని నీళ్లు. ఒడ్డున ఏరుమద్దులు. వాటి తెల్లటి నున్నటి బోదెలు నీళ్ల మీదికి వంగి, వేళ్లు రాళ్ల సందుల్లోకి దిగిపోయి ఉన్నాయి. మద్ది కింద కాసేపు కదలకుండా కూర్చుంటే వాగు అడుగున ఏదో పాకుతున్నట్టు కనపడింది. ఆరు గుండ్రటి మచ్చలు, ఒకేసారి ముందుకు జరిగి ఆగుతున్నాయి. మావాడు గులకరాయి వేశాక తెలిసింది, పైన నీటిపొర మీద నడుస్తున్న సన్నకాళ్ల పురుగు నీడ అది. పురుగు ఉందో లేదో అన్నంత చిన్నది. దాని కాళ్లు ఆనినచోట నీటిపొర పల్లం పడుతుంది, ఆ పల్లాల నీడలు మాత్రం పావలా కాసంత. మావాడికి దొరికిన మొదటి అడవి జంతువు ఇదే. సాయంత్రం దాకా దాన్ని వదల్లేదు.

ఈ నీళ్లు ఎక్కడికి పోతాయని అడిగాను. "భవనాశిలో కలుస్తాది సార్. ఆణ్ణుంచి సంగమేశ్వరం" అన్నాడు కుర్రాడు.

సంగమేశ్వరం అనగానే మా ఆవిడ ఆదివారం ప్రోగ్రాం మార్చేసింది. అప్పటిదాకా తిరుగుదారిలో వెలుగోడు వైపు పోదామని అనుకున్నాం. ఇప్పుడు ఈ నీళ్ల వెంటే పోవాలి. సంగమేశ్వరం దగ్గరి సప్తనదీ సంగమంలో కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి ఆడనదులట, భవనాశి ఒక్కటే మగనది. తక్కినవన్నీ తూర్పుకు పోతుంటే ఇది ఎదురు తిరిగి పడమటికి పారుతుందని మా అత్తగారు చెబుతుండేది. ఆ మగనదికి మా టెంటు ముందున్న వాగు చిన్న పిల్లకాలువ అన్నమాట.

చీకటి ఆరున్నరకే పడింది. మంట గుంత చుట్టూ చేరాక చలి పెరిగింది. జొన్నరొట్టె, గుత్తివంకాయ, చెనిక్కాయల చట్నీ. ఆకాశంలో పిల్లలకోడి చుక్కలు నడినెత్తిన, గొల్లకావడి చుక్కలు తూర్పు కొండ మీద. కర్నూలులో మా మేడ మీద నుంచి ఈ రెండూ మావాడికి ఎప్పుడూ చూపించలేకపోయాను, వీధిలైట్లే అడ్డం. ఇక్కడ అడక్కుండానే కనపడ్డాయి. సిగ్నల్ లేదు. బామ్మర్ది రెండు మూడుసార్లు ఫోన్ పైకెత్తి పట్టుకుని తిరిగి, చివరికి బ్యాగులో పెట్టేశాడు.

శనివారం

పొద్దున్నే నాగలూటి వైపు నడక. మాతో వచ్చింది ఆ కుర్రాడి మామ, యాభై దాటిన మనిషి. చెప్పుల్లేవు, చేతిలో గొడ్డలి. ఆయన నడుస్తుంటే ఎండుటాకులు కూడా చప్పుడు చెయ్యవు, మేం నడిస్తే అప్పడాల దుకాణం. టేకు ఆకులను పురుగు తినేసి ఈనెలు మాత్రం మిగిల్చింది. అవి పైనుంచి రాలుతున్నప్పుడు వాటిలోంచి అవతలి ఆకాశం కనపడుతోంది. నారేపి, నల్లమద్ది, తునికి, కరక, వెదురు. పెద్దాయన ఒక్కో చెట్టు దగ్గరా ఆగి పేరు చెప్పేవాడు కాదు. అడిగితే చెప్పేవాడు, అదీ ఎందుకు పనికొస్తుందో మాత్రమే.

దారికి అటూ ఇటూ చెట్లకు ఎదురెదురుగా రెండు కెమెరాలు కట్టి ఉన్నాయి. పులి మధ్యలోంచి పోతే దానంతటదే ఫోటో పడుతుంది. రెండెందుకంటే, పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్క చారలు వేరు. ఏ రెండు పులులకూ ఒకే చారలు ఉండవు కాబట్టి రెండు పక్కలా దొరికితేనే ఇది ఫలానా పులి అని లెక్క తేలుతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ 1983లో ఏర్పడింది. దేశంలోని పెద్ద రిజర్వ్‌లలో ఇదొకటి. మావాడు ఆ కెమెరా ముందు నాలుగుకాళ్ల మీద నడిచి పోయాడు. అటవీ శాఖవాళ్లు అది చూసి ఏమనుకుంటారో.

కాస్త ముందుకు పోయాక ఒక పుట్ట. సగం తవ్వేసి ఉంది, ఎర్రమన్ను ఇంకా తడిగానే ఉంది. పెద్దాయన గొడ్డలి కొనతో లోపలి గాట్లు చూపించాడు. వేలు మందాన, పక్కపక్కనే, మూరెడు లోతు దాకా. ఎలుగొడ్డు పుట్టకు మూతి ఆనించి, ముందు మట్టి ఊది, తర్వాత చెదలను గట్టిగా పీల్చుకుంటుందట. ఆ పీల్చే చప్పుడు చాలా దూరం వినపడుతుంది. "రాత్రిదేనా?" అని బామ్మర్ది అడిగాడు. ఆయన మన్ను చిటికెడు తీసి నలిపి, "తెల్లారుజామున" అన్నాడు. ఆ తర్వాత మా బామ్మర్ది నడక మధ్యలోకి మారింది, వెనక నడవడం మానేశాడు.

ఇదే మనిషి ఎండాకాలంలో కొండచరియల నుంచి తేనె తీస్తాడు. మధ్యదారిలో బండ మీద కూర్చున్నప్పుడు ఆ సంగతి చెప్పించాం. పెద్ద తేనెటీగల పట్లు నిలువు చరియల కింద వేలాడుతుంటాయి. కొండ పైనుంచి తాడు వదిలి, దాన్ని పట్టుకుని ఒకడు దిగుతాడు. పొగబెట్టి, పట్టు కోసి, బుట్టలో పైకి పంపుతాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది మాత్రం అన్నదమ్ములు కారు, బామ్మర్దే ఉండాలి. అన్నదమ్ములకైతే ఆస్తి తగాదా ఉండొచ్చు. బామ్మర్దికి తన అక్కో చెల్లెలో విధవ కావడం ఇష్టం ఉండదు కదా, అందుకని తాడు వదలడు. మా ఆవిడ తమ్ముడి వైపు చూసింది. "నేనైతే లోన్ ఎంతుందో కనుక్కుని పట్టుకుంటా బావా" అన్నాడు వాడు. పెద్దాయనకు లోను సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి కాసేపు పట్టింది, అర్థమయ్యాక చాలాసేపు నవ్వాడు.

నాగలూటి వీరభద్రుడి గుడి అడవి మధ్యలో ఉంది. శ్రీశైలానికి రోడ్లు లేని కాలంలో కర్నూలు వైపు నుంచి పోయే యాత్రికులందరిదీ ఈ దారే. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, చివరికి కైలాసద్వారం. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. కొండ మీదికి పోయే ఆ రాతిమెట్లు ఇప్పటికీ కాళ్ల కింద గట్టిగానే ఉన్నాయి. శివరాత్రికి, ఉగాదికి ఈ దారి మళ్లీ నిండుతుంది. ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది ఇలాగే నడిచి పోతారు. కన్నడిగులకు భ్రమరాంబ ఆడపడుచు, చెంచులకు మల్లన్న అల్లుడు. అంటే ఆ దంపతులిద్దరికీ ఈ అడవి రెండువైపులా చుట్టాలే. అటు అహోబిలం నరసింహుడు కూడా చెంచులక్ష్మిని చేసుకుని చెంచులకు అల్లుడే అయ్యాడు. నల్లమల రెండు కొసల్లోనూ ఇద్దరు పెద్ద దేవుళ్లు చెంచులకు అల్లుళ్లు. ఇంత పలుకుబడి ఉన్న అల్లుళ్లు ఉండి కూడా గూడేల్లో మంచినీళ్లకు, ఆస్పత్రికి ఇన్ని తిప్పలేమిటో నాకు అర్థం కాదు. పెద్దాయన చెల్లెలిని కాన్పుకు మంచం మీద మోసుకుపోయారట రోడ్డు దాకా. అది ఎప్పుడో పాతకాలం సంగతి అనుకుని అడిగితే, ఆ కాన్పులో పుట్టిన పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతోంది.

తిరిగొచ్చి వాగులో పడ్డాం. ఎండ నెత్తిన ఉన్నా నీళ్లు వణికించాయి. మా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టుకుని బండ మీద కూర్చుని రెండు గంటలు కదల్లేదు. ఇంట్లో ఇంతసేపు ఏ పనీ లేకుండా ఆమె కూర్చోవడం నేను చూడలేదు. అవతలి ఒడ్డున మద్దికొమ్మ మీద బెట్లుడుత ఒకటి తోక కిందికి వేలాడేసి ఏదో కాయ కొరుకుతూ మమ్మల్ని అసలు లెక్కచేయలేదు. వాగు వంపులో ఇసుక తడిగా ఉన్నచోట గుర్తులు వెతికాం. దుప్పి గిట్టలు బోలెడు. ఒకచోట కుక్కపాదం లాంటిది, వేళ్ల ముందు గోళ్ల చుక్కలు కూడా పడ్డాయి. రేసుకుక్క, అంటే అడవికుక్క అన్నాడు కుర్రాడు. పిల్లిజాతి జంతువులైతే నడిచేటప్పుడు గోళ్లు లోపలికి లాక్కుంటాయి, ఇసుకలో పడవు.

సాయంత్రం మంట దగ్గర మాటల్లో 2009 వచ్చింది. సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలిన పావురాలగుట్ట ఈ అడవిలోదే. ఆ రోజు గాలింపుకు విమానాలు, హెలికాప్టర్లు, పోలీసులు దిగినా మర్నాటి పొద్దునకు గానీ ఆచూకీ దొరకలేదు. వానలో, మబ్బులో ఈ కొండలు ఎలా ఉంటాయో ఆ రోజు ఇక్కడున్న ప్రతివాళ్లకూ ఒక కథ ఉంది. పెద్దాయన తన కథ చెప్పాడు. బామ్మర్ది చెట్ల వైపు చూస్తూ, "ఇందులో తప్పిపోతే మనల్ని ఎన్ని రోజులకు కనుక్కుంటారు?" అన్నాడు. "మేముంటే ఒక పూట" అన్నాడు పెద్దాయన.

రాత్రి ఏ వేళో తెలీదు, వాగు అవతల నుంచి ఒక్క అరుపు. గట్టిగా, పొట్టిగా. కాసేపటికి మళ్లీ అదే. టెంట్‌లో నలుగురం లేచి కూర్చున్నాం. పక్క టెంట్‌లోంచి కుర్రాడు మెల్లగా, "కణితి, పెద్దజింక. దేన్నో చూసింది. మీరు పడుకోండి" అన్నాడు. దేన్నో అంటే దేన్నో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. టార్చి వేయనియ్యలేదు మా ఆవిడ. మావాడు నా చేయి పట్టుకున్నాడు, నేను వాడిదే పట్టుకున్నానో ఏమో. అరుపు వాగు వెంట కిందికి జరుగుతూ జరుగుతూ పోయింది, అంటే దాన్ని భయపెట్టింది కూడా అటే పోతోందన్నమాట. నిద్ర పట్టేసరికి కోడికూత వేళ అయ్యుంటుంది.

ఆదివారం

తెల్లారి కుర్రాడే లేపి తీసుకెళ్లాడు. నిన్న మేం రేసుకుక్క అడుగు చూసిన ఇసుకలోనే, దాని మీదుగా, కొత్త అడుగులు. గోళ్ల చుక్కల్లేవు. వెనక మెత్త మూడు పాయలుగా, ముందు నాలుగు వేళ్లు. అరచేతిలో పట్టేంత. చిరుత. పెద్దపులిదైతే కుర్రాడి చేయి మొత్తం కప్పేసేదట. అడుగు అంచున ఇసుక ఇంకా లోపలికి కారుతూనే ఉంది. మా బామ్మర్ది పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీశాడు, సైజు తెలియాలని. మావాడు మాత్రం తన నీటిపురుగు కోసం వెతికాడు.

చెత్తంతా సంచిలో కట్టుకుని, లెక్కలు చూసుకుని బయల్దేరాం. పెద్దాయన సీసాడు తేనె ఇచ్చాడు, డబ్బులు ఇవ్వబోతే కుర్రాడికిమ్మన్నాడు.

ఆత్మకూరు నుంచి కొత్తపల్లి మీదుగా సంగమేశ్వరం. రోడ్డు కొన్నిచోట్ల బాగుంది, కొన్నిచోట్ల లేదు. చివర్న దిగి చూస్తే సముద్రమంత నీళ్లు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. మేం వెళ్లేసరికి కాస్త తగ్గింది గానీ గుడి ఆనవాలు కూడా లేదు. ఎక్కడో ఆ నీళ్ల అడుగున ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పే వేపమొద్దు శివలింగం ఉంది. డ్యాం కట్టినప్పటి నుంచీ ఏడాదిలో చాలా నెలలు దానికి జలవాసమే. మట్టం 840 అడుగుల దరిదాపులకు దిగితే గుడి బయటపడుతుంది. పూజారులు బురద కడిగి, మళ్లీ నీళ్లు వచ్చేదాకా పూజలు చేస్తారు. తక్కిన కాలంలో గట్టు మీది గుడిలో దండం పెట్టుకోవాలి.

శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగే గుళ్లు కొన్నింటిని రాయి రాయి విప్పి తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. రూపాల సంగమేశ్వరంలోని గుడి మా కర్నూలు జగన్నాథగట్టు మీదికి వచ్చింది, సాయంత్రాలు మేం వాకింగ్‌కు పోయేది అక్కడికే. ఈ గుడిని మాత్రం ఇక్కడే వదిలేశారు. ఏటా మునిగి తేలుతున్న గోడలను చూస్తే తరలించి ఉంటే బాగుండేదనిపిస్తుంది. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఏడు నదులు కలిసే చోటు వదిలేసి దేవుణ్ణి గట్టు మీద కూర్చోబెడితే ఆయనకేం తోస్తుంది అంటుంది.

భవనాశి ఎక్కడ కలుస్తుందని పడవతన్ని అడిగాం. గడ్డంతో తూర్పుమూల చూపించాడు. అక్కడా ఇక్కడా నీళ్లు ఒకటే రంగు. మావాడు చాలాసేపు అటే చూసి, "మన వాగు నీళ్లు వచ్చేసుంటాయా?" అన్నాడు. శుక్రవారంవి వచ్చుంటాయని చెప్పాడు వాళ్ల మామ, ఏ లెక్కన చెప్పాడో మరి.

అవతలి ఒడ్డు తెలంగాణ. పడవలు సోమశిల దాకా పోతాయి. బామ్మర్దికి పడవ మీద మోజు పుట్టి రేటు కూడా మాట్లాడాడు. పడవతను లైఫ్ జాకెట్లు తీయబోయి, నీళ్ల వంక చూసి, మళ్లీ పెట్టేశాడు. "గాలి తిరిగింది సార్. ఇప్పుడు తియ్యను." ఎక్కువిస్తామన్నా తియ్యలేదు. ఆ మాటతో అతని మీద నాకు గురి కుదిరింది. ఆ పక్కనే బొచ్చె చేపలు వేయిస్తున్నారు, కారం దట్టించి. తలా రెండు ముక్కలనుకుని కూర్చున్నవాళ్లం ఎన్ని తిన్నామో చెప్పను.

బామ్మర్దికి సాయంత్రం హైదరాబాద్ బస్సు ఉంది కాబట్టి నందికొట్కూరు దారి పట్టక తప్పలేదు. కారెక్కేముందు మా ఆవిడ పడవతని నంబరు రాసుకుంది. గుడి శిఖరం కనపడిన రోజు ఫోన్ చేస్తానన్నాడతను. పిల్లాడి పరీక్షలు అయిపోయాక చెయ్యమంది.